మృదంగం వారింటి కోడలి చదువు

ఆదివారం పొద్దున్న వంటింట్లోంచి దిబ్బరొట్టె వాసన పెరటిదాకా వస్తోంది. చూడామణి నూతి దగ్గర కొడుక్కి తలంటుతోంది. చినబాబుకి ఏడేళ్ళు. కుంకుడు రసం కంట్లో పడితే ఆ వయసు పిల్లలు వీధి చివరికి వినబడేలా గోల పెడతారు. వీడు గోల పెట్టడు. తల్లి మోచెయ్యి పట్టుకుని నొక్కుతాడు. గట్టిగా నొక్కాడంటే బాగా మండుతోందని ఆమె అర్థం చేసుకోవాలి.

"ఏమే, రేపు పరిపాలనే గదా ఇస్తున్నావు?" అని వసారాలోంచి కేకేశాడు ఆమె భర్త లక్ష్మీనరసింహం. అద్దం ముందు కూర్చుని గెడ్డం గీసుకుంటున్నాడు.

"గెడ్డం గీసుకుంటూ మాట్లాడకండి. తెగుతుంది."

"అడిగినదానికి చెప్పవేం?"

"చూద్దాం లెండి," అంది చూడామణి.

చూద్దాం అని ఆవిడ నోట వచ్చిందంటే కాదనే అర్థం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి లక్ష్మీనరసింహానికి తెలియదు. హాయిగా రెండో చెంపకి సబ్బు రాసుకున్నాడు.

అది 1968. ఆషాఢం మబ్బులు విజయనగరం మీద వేలాడుతున్నాయి గాని కురవడం లేదు. ఆ ఏడాదే చూడామణికి వాల్తేరులో ఎం.ఇడి. సీటు వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి సెలవు పెట్టి, హాస్టల్లో ఉండి, మళ్ళీ విద్యార్థిని అయింది. శనివారం సాయంత్రం పాసింజరుకి ఇంటికొచ్చి సోమవారం తెల్లారి బండికి వెళ్ళిపోతుంది. క్లాసులో అందరూ చదివే పాఠాలు కాక ఒక్కొక్కరూ ఒక ప్రత్యేక విషయం ఎంచుకోవాలి. ఏది తీసుకుంటే ఇక ముందు ఉద్యోగమంతా ఆ దారినే నడుస్తుంది. రేపటితో గడువు సరి.

ఇంట్లో దాని మీద అందరికీ అభిప్రాయాలున్నాయి. లక్ష్మీనరసింహం తాలూకాఫీసులో గుమస్తా. కుర్చీలో కూర్చున్నవాడికీ, ఎదురుగా నిలబడ్డవాడికీ ఎంత తేడా ఉంటుందో రోజూ నిలబడి చూస్తున్నవాడు. విద్యా పరిపాలన చదివితే హెడ్మిస్ట్రెస్ కుర్చీ ఎక్కడికీ పోదని అతని లెక్క. అప్పుడే వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పేశాడు కూడా. అత్త అలివేలుమంగకి ఏ చదువైనా ఒకటే, కోడలు బేగి ఇంటికి వచ్చేస్తే చాలు.

చూడామణి మనసులో ఉన్నది వేరు. ఆ ఏడు కొత్తగా పెట్టిన విషయం ఒకటుంది, వినికిడి లేని పిల్లల చదువు. రెండు వారాలుగా దాని పేరు నాలుక చివర పెట్టుకుని తిరుగుతోంది. బయటికి చెప్పలేకపోతోంది. ఎందుకంటే ఆ పేరు చెప్పడమూ, కొడుకు చెవిటివాడని చెప్పడమూ ఒకటే. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు.

ఆ ఇల్లు ఎలాంటిదో చెబితేగాని ఇది అర్థం కాదు. ఊళ్ళో రిక్షావాళ్ళకి మృదంగం వారిల్లు అంటే చాలు. మామగారు త్యాగరాజు తండ్రీ తాతా గుడిలో డోలు వాయించేవారు. ఈయన డోలు దించి మృదంగం ఎత్తుకున్నాడు. సాలూరు నుంచి కళింగపట్నం దాకా ఆయన వాయించని పందిరి లేదు. ఇప్పుడు వేళ్ళు వణుకుతున్నాయని కచేరీలు మానేసి ఇంట్లో పాఠాలు చెబుతున్నాడు. ముందు గదిని సగం ఆక్రమించిన పాత టేకు బల్ల ఒకటుంది, పాఠమంతా దానిమీదే. శిష్యుడెవడైనా ముందు తకధిమి అంటూ జతులు నోటితో తడబడకుండా చెప్పాలి, అప్పుడే మృదంగం మీద చెయ్యి వెయ్యనిస్తాడు. అది వాళ్ళ గురువు పెట్టిన పద్ధతి. కన్నకొడుకైన లక్ష్మీనరసింహం చేత కూడా ఏడాదిపాటు నోటితో చెప్పించి, లాభం లేదని తేల్చి, తాలూకాఫీసుకి వదిలేశాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన చినబాబుకి మాటలు రాలేదు. మూడేళ్ళు నిండాక విశాఖపట్నం తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపించారు. ఈ పిల్లాడికి వినబడదు, ఆలస్యం చెయ్యకండి అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే త్యాగరాజు కోపం పట్టలేక మనవణ్ణి ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుని మృదంగం వాయించాడు. పిల్లాడు రెండు అరచేతులతో బల్ల మీద చప్పున తాళం అందుకున్నాడు. ఆది తాళం వాయిస్తే ఆది, రూపకం వాయిస్తే రూపకం. ఎక్కడా తప్పలేదు.

"తాళం తప్పని గుంటడికి సెవుడంటాడా? ఆ డాట్రుకే సెవుడు!" అన్నాడు త్యాగరాజు.

అందరూ నవ్వారు. గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. చూడామణి కూడా నవ్వింది. మాటలు ఆలస్యంగా వస్తాయిలే అనుకున్నారు. ఆరోజు నవ్విన నవ్వు ఇప్పుడామెను పీక్కు తింటోంది. బి.ఇడి. చదివిన మనిషి, ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు దిద్దే మనిషి, కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి తనకి కావలసిన జవాబే తీసుకుంది.

రెండు వారాల కిందట క్లాసులో ప్రొఫెసరు గారు చెప్పారు. "వినబడని పిల్లలు నేల అదిరినా బల్ల అదిరినా ఇట్టే పసిగడతారు. ఎదుటివాళ్ళ చేతులు చూసి, ముఖాలు చూసి నడుచుకుంటారు. అందుకే ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి మోసపోతారు." బల్ల అన్న మాట దగ్గర చూడామణి కలం ఆగిపోయింది. ఆ తర్వాత పాఠమేమిటో ఆమెకి తెలియదు.

సాయంత్రం ఆయన గదికి వెళ్ళి నిలబడింది. ఈ విషయం తీసుకున్నవాళ్ళు చివరి ఆరునెలలూ మద్రాసులో బధిరుల పాఠశాలలో ఉండి నేర్చుకోవాలని ఆయన చెప్పారు. పిల్లాణ్ణి కూడా తెచ్చుకుంటే అక్కడ చేర్పిస్తానన్నారు. వయసెంత అని అడిగారు. ఏడు అంది. డాక్టరుకి ఎప్పుడు చూపించారన్నారు. మూడేళ్ళప్పుడంది. "అప్పుడే తెచ్చివుంటే బాగుండేదమ్మా," అన్నారు, ఎంతో మెల్లగా. తిట్టినా బాగుండేది.

తలంటు ముగించి చినబాబుని తుడిచి లోపలికి పంపింది. లక్ష్మీనరసింహం ముఖం కడుక్కోడానికి నూతి దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ, పరిపాలన తీసుకోను."

"మరేం తీసుకుంటావు?"

చెప్పింది. క్లాసూ, బల్లా, మద్రాసూ, అన్నీ చెప్పింది. లక్ష్మీనరసింహం చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

"వాణ్ణి తీసుకుని మద్రాసు వెళ్తావా? నాన్న బతుకుతాడనే అనుకుంటన్నావా?"

"మావయ్యకి చెబుదాం."

"ఎవరు చెప్తారు? నేను చెప్పను. చిన్నప్పుడు తాళం తప్పినందుకే ఆయన ముఖం చూడలేకపోయాను. ఇప్పుడు ఈ మాట చెప్పి ఆయన ముందు నిలబడమంటావేటి?"

"అయితే వాడి బతుకేం కావాలి?"

"పరిపాలన చదువు. హెడ్మిస్ట్రెస్సువి అవుతావు. అప్పుడు నిదానంగా చూసుకుందాం. ఇప్పుడా సబ్జెక్టు తీసుకున్నావంటే రేపట్నించీ వీధిలో మృదంగం వారింట్లో చెవిటి గుంటడు అంటారు."

"ఇప్పుడేమంటున్నారో మీకు తెలీదా? మూగోడు అంటున్నారు. వాడికి వినబడదు గనక మనం కూడా విననట్టు నటిస్తున్నాం."

గొంతు పెరిగింది. ఇద్దరికీ పెరిగింది. వంటింటి గుమ్మంలోకి అలివేలుమంగ వచ్చింది, చేతిలో అట్లకాడతో.

"మెల్లగా మాటాడండర్రా. గుంటడికైతే ఇనబడదు. వీధిలోంచి వస్తే ముసిలాయనకి ఇనబడతాది."

ఇద్దరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. తన నోటి నుంచి ఏం జారిందో ఆవిడకీ అప్పుడే తెలిసింది. గుమ్మం మీద చతికిలబడింది.

"అత్తా, నీకు తెలుసా?" అంది చూడామణి.

"తెల్దా మరి? ఆడికి రెండేళ్ళు నిండకముందే తెలుసు. ఈ నూతి గట్టు మీద ఇత్తడి గుండిగ నా సేతిలోంచి జారి పడ్డాది. పక్కింట్లో ఉయ్యాల్లో పిల్ల లేచి ఏడ్సింది. ఈడు ఆ మందార సెట్టు కింద మట్టాడుకుంటన్నాడు. తల కూడా తిప్పలేదు."

"మరెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు లక్ష్మీనరసింహం.

"ఎవుళికి సెప్పీది? కచేరీలు మానేసినాక మీ నాన్న ఎలాగున్నాడో నీకు తెలుసు గదా. అన్నం సయించలేదు, నిద్ర నేదు. ఈ గుంటణ్ణి ఒళ్ళో ఏసుకున్నాకే మనిషి లేచి కూకున్నాడు. ఆ ముసిలాయన్ని కాపాడుకున్నాను. గుంటణ్ణి ఒగ్గేశాను." అలివేలుమంగ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏటి సేసీది నాను? సెప్పండి, ఏటి సేసీది?"

లోపల రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. చూడామణికి అత్త మీద కోపం రావలసింది, రాలేదు. అందరూ ఆ పెద్దాయన మనసు విరగకూడదని చూసుకున్నారు. ఆయన మనవడి మీద ఆశ విరగకూడదని చూసుకున్నాడు. ఒకరినొకరు ప్రేమించుకునే నలుగురు మనుషులు కలిసి ఒక పిల్లాడి నోరు నొక్కేశారు, అంతకంటే ఇంకేమీ జరగలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో రిక్షా బెల్లు మోగింది.

"ఏటి, ఇంట్లో ఎవుళూ నేరా? సూడామణీ! అమ్మా, బేగి రా!"

త్యాగరాజు పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రిక్షాలోంచి కొత్త పంచె చుట్టిన మూట ఒకటి రెండు చేతులతో దించుకున్నాడు. బల్ల మీద పెట్టి పంచె విప్పాడు. చిన్న మృదంగం. పనసకర్ర ఇంకా పచ్చగా మెరుస్తోంది. చినబాబు పరుగెత్తుకొచ్చి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

"సిన్న సేతులకి సరిపడా దగ్గరుండి కొలతలిచ్చి సేయించాను. ఈయాలే మొదలెడతన్నాను," అన్నాడు త్యాగరాజు. అరవై దాటిన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

"జతులు నోటితో చెప్పాలి గదా నాన్నా," అన్నాడు లక్ష్మీనరసింహం గుమ్మంలోంచి. ఏదో ఒకటి అడ్డుపడకపోతుందా అని ఆశ.

"ఆ పద్ధతి పక్కనెట్టేశాను. ఈడికోసరం ఎట్టేశాను. మా గురువుకి పైన సమాధానం నేను సెప్పుకుంటాను. ముందు సెయ్యి పలకనీ. నోరు దానెనకాలే వస్తాది." మనవణ్ణి బల్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇప్పుడు సూడు."

తన పెద్ద మృదంగం ఒళ్ళోకి లాక్కుని వాయించాడు. చినబాబు అరచేతులు బల్ల మీద పడ్డాయి, సరిగ్గా పడవలసిన చోటే. తాతకేసి చూసి నవ్వాడు.

"సూశావేటమ్మా? సూశావేటి? ఇలాటి శిష్యుడు నాకు జన్మలో దొరకలేదు!"

చూడామణి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే అంతా సుఖంగా ఉంటుంది. రేపు పరిపాలన ఇచ్చి వచ్చేయవచ్చు. మామగారు పోయేదాకా ఆ బల్ల అలా మోగుతూనే ఉంటుంది. ఆ తర్వాత చినబాబు ఎవరికి తాళం వేస్తాడు? ఆమె ముందుకు నడిచింది. కొడుకుని బల్ల మీంచి ఎత్తి, గదిలో ఆ చివర నేల మీద చాప మడిచి వేసి, దానిమీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. తనూ వాడి ముందు కూర్చుంది.

"మావయ్యా, ఇప్పుడు వాయించండి."

"ఏటిది? గుంటణ్ణి గోడకేసి కూకోబెడతావేటి?"

"ఒక్కసారి వాయించండి మావయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె గొంతు విని ఆయన మృదంగం సరిచేసుకున్నాడు. వాయించాడు. చినబాబు చాప అంచులో ఊడిన పుల్ల ఒకటి లాగుతున్నాడు. ఆయన గట్టిగా వాయించాడు. పుల్ల ఊడి వచ్చింది, తల్లికి చూపించాడు. త్యాగరాజు చేతులు వేగం పెంచాయి. వణికే వేళ్ళతోనే, ఒకప్పుడు పందిళ్ళు దద్దరిల్లిన వాయింపంతా ఆ చిన్న గదిలోకి తెచ్చాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. చినబాబు తల్లి చెంపల మీది నీళ్ళు చూశాడు, తన చొక్కా అంచుతో తుడిచాడు.

"ఒరే సినబాబూ!" అని అరిచాడు త్యాగరాజు. "ఒరే! ఇటు సూడరా!"

వాడు చూడలేదు.

మృదంగం ఆగిపోయింది. ఆయనే అన్నాడు, "ఆణ్ణి మళ్ళీ బల్ల మీదెట్టు."

పెట్టింది. ఆయన ఒక్క దరువు వేశాడు. చినబాబు వెంటనే సంబరంగా చేతులు వేశాడు. త్యాగరాజు మృదంగం ఒళ్ళోంచి దించి, తన అరచెయ్యి బల్ల మీద ఆనించి ఉంచాడు. రెండో చేత్తో మృదంగం మీద కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టాడు. కొట్టినప్పుడల్లా అరచేతి కింద బల్ల అదిరింది. ఇంకెవరూ ఆయనకి ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

"ఆ డాట్రు పేరేటి?" అన్నాడు.

"గుర్తులేదు మావయ్యా."

"ఆడిని సెవిటోడన్నాను."

అలివేలుమంగ గోడకి జారబడి ఏడుస్తోంది. లక్ష్మీనరసింహం తండ్రి పక్కకి వచ్చి నిలబడ్డాడు గాని, ఏం చెయ్యాలో తెలియక ఆయన పంచె కుచ్చెళ్ళు సర్దాడు.

చూడామణి అన్నీ చెప్పింది. వాల్తేరులో ఎంచుకోవలసిన విషయం, మద్రాసు, ఆరునెలలు. అప్పుడే తెచ్చివుంటే బాగుండేదన్న మాట కూడా దాచలేదు. త్యాగరాజు తలొంచుకుని విన్నాడు. ఆయన ఎవరి ముందూ అలా కూర్చోగా ఆమె చూడలేదు.

"అక్కడ ఇలాటోళ్ళకి ఎలగ నేర్పుతారు?"

"పిల్లాడి చెయ్యి తీసి టీచరు గొంతు మీద పెట్టుకుంటుంది మావయ్యా. పలికితే గొంతు అదురుతుంది గదా. అది చేతికి తెలుస్తుంది. పెదాలు ఎలా కదులుతున్నాయో చూస్తాడు. అలా ఒక్కొక్క శబ్దమే."

త్యాగరాజు మనవడి చెయ్యి అందుకున్నాడు. తన గొంతు మీద, ముడతలు పడ్డ చర్మం మీద పెట్టుకుని, "తాత," అన్నాడు. చినబాబు కళ్ళు పెద్దవయ్యాయి. ఇన్నాళ్ళూ బల్లలో ఉందనుకున్నది తాతలో కూడా ఉంది. "తాత," అన్నాడు మళ్ళీ. వాడు ఆయన నోటికేసి చూస్తూ అచ్చం అలాగే నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. వాడు తాత గొంతు మీంచి చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు. అటూ ఇటూ జరిపి వెతికాడు. అక్కడ ఏమీ అదరలేదు. ఎక్కడుందో చెప్పమన్నట్టు తల్లి ముఖంలోకి చూశాడు.

"ఏడేళ్ళు నా ఒళ్ళోనే ఉన్నాడు," అన్నాడు త్యాగరాజు. "ఎంతమంది సేతులు పట్టుకుని నేర్పానో. ఆడి సెయ్యి ఒక్కసారి ఇలగ ఎట్టుకోవాలని తోచలేదు నాకు." కండువాతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. చినబాబు కండువా లాగి చూడబోతే లక్ష్మీనరసింహం వాణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు.

"రేపు స్టేషనుకి నేనొస్తాను," అన్నాడు భార్యతో. "నీకేది కావాలో అదే ఇచ్చెయ్యి." హెడ్మిస్ట్రెస్ కుర్చీ మాట అతను మళ్ళీ ఎత్తలేదు.

త్యాగరాజు కండువా తీశాడు.

"అమ్మా, ఒక్క మాట. దాచకుండా సెప్పు. మద్రాసు తీసుకెల్తే మాటలన్నీ వస్తాయా ఆడికి?"

అవునని అనాలని ఆమెకి ఎంతగానో అనిపించింది. ఒక్క అబద్ధమాడితే పెద్దాయన ఈ రాత్రి కాస్త అన్నం తింటాడు. కానీ అలాంటి అబద్ధాలతోనే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

"రావు మావయ్యా. కొన్ని వస్తాయేమో. ఎన్నో, ఎప్పటికో నాకూ తెలీదు. వచ్చినా మనకే అర్థమయ్యేలా ఉంటాయేమో."

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"ఆ సదువే తీసుకో. నన్ను తాతా అనక్కర్లేదమ్మా. మృదంగం పేరు నిలబెట్టక్కర్లేదు. రేపు మేమూ మీరూ లేని రోజున ఆడికి ఆకలేస్తే, ఎదుటి మనిషికి తెలిసేలాగ అన్నం అనగలిగితే సాలు. ఆ ఒక్క మాట నేర్పించు."

చూడామణి ఆయన పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీద ఉంది. అలివేలుమంగ కళ్ళు తుడుచుకుని లేచి, మాడిన రొట్టె తీసేసి, మనవడికి పెట్టడానికి మళ్ళీ పిండి కలపడానికి వెళ్ళింది.